మినీ ట్రాక్టరు కొనబోతున్నాం: క్లచ్ తొక్కితే నడుము సీటును వదిలేస్తోంది, ఏం చూసుకోవాలి?

తగరపువలస_తోట
శనివారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. తగరపువలస దగ్గర మాకు నాలుగు ఎకరాలు ఉంది. సగంలో బంతి, చామంతి వేసి ఆనందపురం పూల మార్కెట్‌కు పంపుతాం. మిగతా సగంలో వంగ, బెండ, గట్ల వెంట జీడిమామిడి. 20 నుంచి 25 హెచ్‌పీ లోపు మినీ ట్రాక్టరు కొందామని అనుకున్నాం. మా ఆయనది షిఫ్టు డ్యూటీ. కాబట్టి బండి నడిపేది ఎక్కువగా నేనే. నా ఎత్తు అయిదు అడుగులు, బరువు యాభై కిలోలకు కాస్త అటూ ఇటూ.

షోరూముల్లో అందరూ హెచ్‌పీ ఎంత, వెనక పనిముట్టును ఎత్తే లిఫ్టు ఎన్ని కిలోలు లేపుతుంది, సబ్సిడీ ఎంత వస్తుంది అనే చెబుతున్నారు. నా ఇబ్బంది వేరు. క్లచ్ అడుగంటా తొక్కితే నా నడుము సీటును వదిలేస్తోంది. సీటు ముందుకు జరిపితే స్టీరింగ్ పొట్టకు తగులుతోంది, లిఫ్టు లివర్ నా మోచేతికి వెనక ఎక్కడో ఉండిపోతోంది. సేల్స్ అబ్బాయిని అడిగితే "అలవాటైపోతుంది మేడమ్" అన్నాడు. నిజంగా అలవాటయ్యేదేనా? నడిపేవాళ్లు, బాగుచేసేవాళ్లు చెప్పండి. రేటు, మైలేజీ గురించి వేరే చర్చ నడుస్తోంది, అవి ఇక్కడ వద్దు.

పెందుర్తి_వర్క్‌షాపు
శనివారం, ఉదయం 7:35

అమ్మా, ఆ అబ్బాయి చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. కొత్త బండికి క్లచ్ బిగువుగానే ఉంటుంది. లింకేజీ పిన్నులకు గ్రీజు పెట్టి, ఫ్రీ ప్లే, అంటే పట్టు మొదలయ్యేలోపు పెడల్ ఖాళీగా కదిలే దూరం, సరిగ్గా అమర్చితే చాలావరకు తేలికవుతుంది. చిన్న బండి అన్నాక ఇరుకు తప్పదు. ఇరుకు వద్దనుకుంటే 45 హెచ్‌పీ తీసుకోవాలి. అది మీ చామంతి సాళ్లలో పట్టదు.

చోడవరం_చెరకు
శనివారం, ఉదయం 8:10

వర్క్‌షాపు గారూ, ఇరుకు వేరు, అందకపోవడం వేరు. ఇరుకైతే ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చుంటాం. పెడల్ అందకపోతే ఏం చేస్తాం?

నేను చెరకు సాళ్ల మధ్య కలుపు తీయడానికి మినీ బండి వాడుతున్నాను. నాది అయిదడుగుల తొమ్మిది అంగుళాలు, అంటే మేడమ్‌కు ఉన్న ఇబ్బంది నాకు తలకిందులుగా ఉంది. మోకాళ్లు స్టీరింగ్ కింద ఇరుక్కుంటాయి. హై-లో గేరు రాడ్డు కుడి మోకాలి లోపలి వైపు ఆనుకుని ఉంటుంది. గుంటలో పడ్డప్పుడల్లా అదే చోట కొడుతుంది. అక్కడి చర్మం నల్లబడి గట్టిపడింది. అలవాటు అంటే ఇదేనేమో.

బాపట్ల_ఏజీఇంజినీర్
శనివారం, ఉదయం 10:20

మేడమ్, మీరు పొట్టి కాదు. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ మన దేశంలోని వ్యవసాయ శ్రామికుల శరీర కొలతలు, కండబలం కొలతలు రాష్ట్రాలవారీగా సేకరించి 2009లో పుస్తకంగా తెచ్చింది. అందులో ఆడవారి సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు, మగవారిది దాదాపు 163. మీ అయిదడుగులు సగటుతో సమానం. మనకు అమ్ముతున్న బండ్లలో చాలావాటిని మగవారి కొలతలతోనే గీస్తారు కాబట్టి మీరు వాళ్ల లెక్కలో అంచున పడ్డారు.

ట్రాక్టరు గీసేటప్పుడు అన్ని దూరాలనూ సీట్ ఇండెక్స్ పాయింట్ అనే ఒక బిందువు నుంచి కొలుస్తారు. కూర్చున్న మనిషి తుంటి కీలుకు దగ్గరగా ఊహించుకునే బిందువు అది. పెడల్ దానికి ఎంత ముందుకు, ఎంత దిగువకు ఉండాలి, స్టీరింగ్ ఎంత ఎత్తున ఉండాలి, లివర్ ఎంత పక్కకు ఉండాలి అన్నీ అక్కడి నుంచే. కంట్రోళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పే ఐఎస్ 8133 అనే భారతీయ ప్రమాణం ఉంది.

మినీ ట్రాక్టరుతో వచ్చే తంటా ఇది. ఇంజను, గేరుబాక్సు, చక్రాలు అన్నీ చిన్నవయ్యాయి, బండి వెడల్పు మీటరు దగ్గరకు వచ్చింది, మనిషి మాత్రం చిన్నవాడు కాలేదు. గేరుబాక్సు కాళ్ల మధ్యకు వచ్చింది. వెనక చక్రాలు తొడల పక్కకు వచ్చాయి. పాదాలకు మిగిలింది రెండు పక్కల చెరో సన్నని ఫుట్‌బోర్డు. ఆ సన్నని చోట ఎడమ వైపు క్లచ్, కుడి వైపు రెండు బ్రేకు పెడళ్లు, వాటి పక్కనే కాలి యాక్సిలరేటర్ సర్దాలి. ఇక సీటు ఒక అంగుళం ముందుకు జరిపారనుకోండి. క్లచ్ ఒక అంగుళం దగ్గరవుతుంది, స్టీరింగ్ కూడా ఒక అంగుళం పొట్టకు దగ్గరవుతుంది, మడ్‌గార్డుకు బిగించిన లిఫ్టు లివర్ ఒక అంగుళం వెనక్కి పోతుంది. మీకు జరిగింది అదే. అందుకే సీటు జరుగుతుందా అని మాత్రమే అడగకండి. సీటును మీకు క్లచ్ అందే చోట పెట్టి, అక్కడి నుంచి మిగతావి అందుతాయో లేదో చూడండి. స్టీరింగ్ వంపు మార్చుకునే వీలున్న మోడళ్లు ఉన్నాయి, మీకు అది అలంకారం కాదు.

క్లచ్‌కు పరీక్ష ఇది. అడుగంటా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉండాలి, నడుము సీటు వీపుకు ఆనే ఉండాలి. కాలు పూర్తిగా చాచి, మునివేళ్లతో తొక్కితే ఆ క్లచ్ మీది కాదు. ఒకసారి తొక్కి లేవకండి. మలుపు తిరిగిన ప్రతిసారీ తొక్కాల్సిన పెడల్ అది, కాబట్టి షోరూములోనే ఒక పది నిమిషాలు తొక్కుతూ ఉండండి. వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

తగరపువలస_తోట
శనివారం, ఉదయం 11:05

చాలా ధన్యవాదాలండి. బిగువు ఎంత ఉందో కొలిచే మార్గం ఏదైనా ఉందా? ఒక షోరూములో తేలిగ్గా ఉంది, ఇంకోచోట గట్టిగా ఉంది. కానీ రెండోచోటికి వెళ్లేసరికి నా కాలు అలసిపోయి అలా అనిపించిందేమో తెలియదు.

బాపట్ల_ఏజీఇంజినీర్
శనివారం, ఉదయం 11:40

ఇంట్లో బరువు చూసుకునే మిషన్, సూది తిరిగే రకం, వెంట తీసుకెళ్లండి. దాన్ని పెడల్‌కూ పాదానికీ మధ్య పెట్టి మెల్లగా తొక్కితే సూది ఎక్కడిదాకా పోయిందో పక్కనున్నవారు చూసి చెబుతారు. ప్రయోగశాల కొలత కాకపోయినా రెండు బండ్లను పోల్చడానికి సరిపోతుంది. తరచూ వాడే పెడల్‌కు మనిషి గరిష్ఠ బలంలో మూడోవంతు దాటకూడదని ఎర్గోనామిక్స్‌లో, అంటే మనిషి ఒంటికి తగ్గట్టు యంత్రాలను గీసే శాస్త్రంలో, వాడుక లెక్క. పెడల్‌ను ఒక్కసారి మీ బలమంతా పెట్టి తొక్కగలగడం వేరు, రోజంతా తొక్కడం వేరు.

బుధ్నీలోని కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ మోడళ్లవారీగా పరీక్షల నివేదికలు విడుదల చేస్తుంది. బ్రేకు పనితీరు, పెడల్‌కు పెట్టిన బలం, డ్రైవరు చెవి దగ్గర శబ్దం వంటివన్నీ అందులో ఉంటాయి. బ్రేకు పరీక్షలో పెడల్ మీద 600 న్యూటన్లు, అంటే ఇంచుమించు 61 కిలోల బలం దాటకుండా బండి ఆగాలి. మీ బరువు కన్నా అది ఎక్కువ అని గమనించండి. బండి ఆ పరీక్ష నెగ్గినంత మాత్రాన మీ కాలికి సరిపోతుందని కాదు. నివేదికలో ఎంత బలానికి ఆగిందో ఆ అంకె చూడండి.

పద్మనాభం_డ్రైవర్
శనివారం, మధ్యాహ్నం 1:15

నేను కిరాయికి దున్నుతాను. పద్మనాభం, ఆనందపురం, భీమిలి చుట్టుపక్కల ఎవరి బండి ఇస్తే అది నడుపుతాను. అందరూ క్లచ్ గురించి మాట్లాడుతున్నారు. ప్రాణం తీసేది బ్రేకు. అక్కకు అది ఎవరూ చెప్పడం లేదు.

ట్రాక్టరుకు కుడి వైపు రెండు బ్రేకులు ఉంటాయి. కుడి పెడల్ కుడి చక్రానికి, ఎడమ పెడల్ ఎడమ చక్రానికి. పొలంలో గట్టు దగ్గర చిన్న మలుపు తీసుకోవాలంటే లోపలి చక్రం బ్రేకు ఒక్కటే తొక్కుతాం, బండి అక్కడికక్కడే తిరుగుతుంది. మడిలో ఇది వరం. ఇదే పని రోడ్డు మీద, టాప్ గేరులో చేస్తే బండి పక్కకు లాగేస్తుంది. వెనక ట్రాలీలో ఎరువు ఉంటే అది తోసి బోల్తా కొట్టిస్తుంది. అందుకే రెండు పెడళ్లనూ కలిపి బిగించే చిన్న లాకు ఉంటుంది. పొలం గట్టు దాటి రోడ్డెక్కే ముందు ఆ లాకు వేయాలి.

చాలా మినీ బండ్లలో ఈ లాకు చేతికి అందదు. పెడళ్ల కింద, బురద పట్టే చోట, వేలెడు ఇనుప ముక్క. సీటు మీద నుంచి వంగితే స్టీరింగ్ అడ్డం. కిందికి దిగి వేయాలి. దిగి వేయాల్సిన లాకును ఎవరు వేస్తారండి? సాయంత్రం ఆరింటికి ఇంటికి పోయే తొందరలో ఎవరూ వేయరు. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి పోయే ఆరు వరసల రోడ్డు మీద లారీ హారన్ కొడితే గాభరాలో ఒక పెడల్ మీదే కాలు పడుతుంది. రెండు పెడళ్ల మధ్య సందు ఎక్కువైతే మరీ ప్రమాదం.

అక్కా, బండి చూడటానికి వెళ్లినప్పుడు సీటు మీద కూర్చుని, దిగకుండా, ఆ లాకు వేసి తీసి చూడు. కాలితో తోసి వేయగలిగే రకం దొరికితే ఇంకా మేలు. అది కుదరని బండికి నా ఓటు లేదు, లిఫ్టు ఎన్ని కిలోలు లేపినా సరే.

పెందుర్తి_వర్క్‌షాపు
శనివారం, మధ్యాహ్నం 2:00

ఇది నూటికి నూరుపాళ్లు నిజం. దానికి తోడు, లాకు వేస్తే చాలదు, రెండు బ్రేకులూ సమానంగా పట్టాలి. పొలంలో ఎప్పుడూ ఒక వైపే తిరిగేవాళ్ల బండికి ఆ వైపు బ్రేకు ఎక్కువ అరిగిపోతుంది. అప్పుడు లాకు వేసి తొక్కినా బండి ఒక పక్కకే లాగుతుంది. సర్వీసుకు వచ్చినప్పుడల్లా రెండు పెడళ్ల ఫ్రీ ప్లే సమానం చేయించండి.

ఇంకొక మాట. క్లచ్ తొక్కితేనో, గేరు న్యూట్రల్‌లో ఉంటేనో తప్ప స్టార్టు కాకుండా ఒక సేఫ్టీ స్విచ్ ఉంటుంది. బురదకు అది పాడైతే "వైర్లు కలిపేయి" అని నా దగ్గరకు వస్తారు. కలపను. నేను కలపనంటే ఇంకో షాపుకు పోయి కలిపించుకుంటారు. గేరులో ఉన్న బండిని కింద నిలబడి తాళం తిప్పితే వెనక చక్రం నేరుగా మనిషి మీదకు వస్తుంది. అమ్మా, మీ బండికి ఆ స్విచ్ పాడైతే కొత్తది వేయించండి. దాని ఖరీదు పెద్దదేమీ కాదు.

భీమిలి_గట్టు
శనివారం, మధ్యాహ్నం 3:30

ఎద్దులతో దున్నినప్పుడు ఈ ఇండెక్స్ పాయింట్లు, బరువు మిషన్లు ఏమీ లేవు. మన పెద్దలు ఎనభై ఏళ్లు బతికారు.

చోడవరం_చెరకు
శనివారం, మధ్యాహ్నం 3:45

ఎద్దుకు క్లచ్ ఉండదు సార్. నాగలి మేడి ఎత్తు కూడా దున్నే మనిషి నడుమును బట్టి వడ్రంగి చెక్కేవాడు. కొలత అప్పుడూ ఉంది.

సీతమ్మధార_ఫిజియో
శనివారం, సాయంత్రం 5:20

ట్రాక్టరు నడపడం నాకు రాదు, నడిపి నడుము పట్టేసిన వాళ్లకు వైద్యం చేయడం వచ్చు. అందుకని పెడళ్ల జోలికి పోకుండా వెన్ను గురించి చెబుతాను.

ట్రాక్టరుకు వెనక ఇరుసు దగ్గర స్ప్రింగులు ఉండవు. టైరులోని గాలి, సీటు కింది స్ప్రింగు, అంతే. కూర్చున్న మనిషి వెన్ను నిలువు కుదుపులకు బాగా స్పందించేది సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్య. గట్టి దుక్కిలో ట్రాక్టరు కుదుపు చాలావరకు ఆ దగ్గరలోనే ఉంటుంది. ఐరోపా దేశాల చట్టంలో ఎనిమిది గంటల పనికి కుదుపు తీవ్రత 0.5 మీటర్లు ప్రతి సెకను వర్గానికి చేరితే యజమాని చర్య తీసుకోవాలి, 1.15 దాటనే కూడదు. కుదుపు ఒక్కటే అయితే వెన్ను కొంత తట్టుకుంటుంది. ఆ కుదుపులోనే మెడ, నడుము వెనక్కి తిప్పి, మట్టిని గుల్లచేసే రోటావేటర్ వైపు చూస్తూ కూర్చోవడం అసలు దెబ్బ. నా దగ్గరకు వచ్చే డ్రైవర్లలో చాలామందికి నొప్పి ఒకే పక్క ఉంటుంది. ఏ భుజం మీదుగా వెనక్కి చూస్తారో అడిగితే లెక్క సరిపోతుంది.

మేడమ్, సీటు కింద బరువు అమర్చుకునే మర ఉంటే దాన్ని మీ బరువుకు తిప్పించండి. ఎనభై కిలోల మనిషికి బిగించిన సీటు మీకు కిందికి దిగదు. సీటు దిగకపోతే కుదుపు నేరుగా వెన్నుకు వస్తుంది. ఎత్తు తగ్గదు కాబట్టి పెడల్ ఇంకా దూరమవుతుంది. షోరూములో మీకు క్లచ్ అందకపోవడానికి కొంత కారణం ఇదే కావచ్చు, ఈసారి చూడండి.

చెవి సంగతి కూడా చెప్పాలి. 85 డెసిబెల్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ప్రతి 3 డెసిబెల్‌కూ ఆ సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒక్క గంట. క్యాబిన్ లేని ట్రాక్టరులో డ్రైవరు చెవి దగ్గర 90 దాటడం మామూలు విషయం. ఇంజను శబ్దం మీద పాటలు వినిపించేలా ఇయర్‌ఫోన్ పెంచుకునేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

పద్మనాభం_డ్రైవర్
శనివారం, సాయంత్రం 6:05

డాక్టరు గారూ, వెనక్కి చూడకపోతే పని ఎలా అవుతుంది? రోటావేటర్ ఎంత లోతు దిగిందో, గట్టు తగిలిందో ముందుకు చూస్తే తెలుస్తుందా?

చోడవరం_చెరకు
శనివారం, సాయంత్రం 6:40

తమ్ముడూ, పూర్తిగా మానలేం గానీ చాలా తగ్గించవచ్చు. లిఫ్టు లివర్ తిరిగే పట్టీ మీద మరతో బిగించే చిన్న స్టాపర్ ఉంటుంది చూడు, చాలామంది దాన్ని ఎప్పుడూ ముట్టుకోరు. మొదటి సాలులో లోతు చూసుకుని స్టాపర్ అక్కడ బిగించేస్తే, ప్రతి మలుపులోనూ లివర్‌ను దానికి ఆనేదాకా తోస్తే చాలు, అదే లోతుకు దిగుతుంది. లోతు కోసం వెనక్కి తిరగాల్సిన పని లేదు. మడ్‌గార్డు మీద ఒక అద్దం బిగించుకుంటే గట్టు కూడా కనబడుతుంది. నేను పాత వ్యాను అద్దం బిగించాను.

స్వరాజ్ వాళ్లు 2021లో కోడ్ అని 11 హెచ్‌పీ బండి తెచ్చారు. దాంట్లో ముందుకూ వెనక్కూ రెండు దిశల్లో కూర్చుని నడిపే ఏర్పాటు ఉంది. పనిముట్టు కళ్ల ముందే ఉంటుంది. మేడమ్ అడిగిన హెచ్‌పీ కాదు గానీ, మెడ తిప్పే బాధను ఒక కంపెనీ ఇంతగా పట్టించుకోవడం నాకు నచ్చింది.

గాజువాక_లేత్
శనివారం, రాత్రి 8:15

ఇంత చర్చ ఎందుకండి. నచ్చిన బండి కొనుక్కోండి, నా దగ్గరకు తీసుకురండి. క్లచ్ పెడల్ కోసి మూడు అంగుళాల ముక్క వెల్డింగ్ చేసి పొడవు పెంచేస్తాను. గంట పని.

బాపట్ల_ఏజీఇంజినీర్
శనివారం, రాత్రి 8:50

లేత్ గారూ, దయచేసి పెడల్ కోయకండి. పెడల్ చేయి పొడవు పెంచితే తొక్కే బలం కాస్త తగ్గుతుంది, కానీ పాదం కదలాల్సిన దూరం పెరుగుతుంది. అడుగంటే లోపే ఫుట్‌బోర్డుకు తగిలి ఆగిపోతే క్లచ్ పూర్తిగా విడవదు. గేరు పళ్లు గరగరలాడతాయి, క్లచ్ ప్లేటు కాలుతుంది. డబుల్ క్లచ్ బండి అయితే ఇంకా చిక్కు. సగం తొక్కితే చక్రాలకు పోయే శక్తి ఆగుతుంది, పూర్తిగా తొక్కితేనే పీటీవో, అంటే వెనక పనిముట్టును తిప్పే షాఫ్టు, ఆగుతుంది. ఆ రెండో మెట్టు అందకపోతే రోటావేటర్ ఆగిందనుకుని దిగుతారు, అది తిరుగుతూనే ఉంటుంది. వెల్డింగ్ అతుకు ఏదో ఒక రోజు మలుపులో విరిగితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు.

మీరు చేయగలిగిన మంచి పని ఒకటి ఉంది. పెడల్ ముఖం మీద, అంటే పాదం ఆనే వైపు, అంగుళం, అంగుళంన్నర మందం దిమ్మ బోల్టులతో బిగించండి. పైన గరుకు రబ్బరు వేయండి. పెడల్ చేయి పొడవు మారదు, కదలిక మారదు, ముఖం మాత్రం పాదానికి దగ్గరవుతుంది. వేరేవాళ్లు నడిపేటప్పుడు విప్పేయవచ్చు. దిమ్మ ఎత్తుకు మడమ గాలిలో తేలకుండా ఫుట్‌బోర్డు మీద కూడా అంతే మందం పలక వేయాలి. మడమ తేలితే కాలి బరువంతా తొడ కండరం మోయాల్సి వస్తుంది. బ్రేకులకు కూడా వేస్తే రెండు పెడళ్లకూ ఒకే మందం వేయాలి, లాకుకు అడ్డం రాకుండా చూడాలి.

గాజువాక_లేత్
శనివారం, రాత్రి 9:10

దిమ్మ పద్ధతి బాగుంది. ఒప్పుకుంటున్నాను. అల్యూమినియం దిమ్మ అయితే తుప్పు పట్టదు. సీటు పట్టాలకు కూడా ముందు వైపు ఇంకో జత రంధ్రాలు వేయవచ్చు, చాలా బండ్లలో చోటు ఉంటుంది.

ఎంవీపీ_కాలనీ
శనివారం, రాత్రి 9:25

మా మామిడి తోటకు కూడా మినీ చూస్తున్నాం. ఏ కంపెనీ మంచిదో ఒక్క ముక్కలో చెప్పండి.

మోడరేటర్
శనివారం, రాత్రి 9:40

కంపెనీల పోలికకు, ధరలకు వేరే చర్చ ఉంది. ఈ చర్చను సీటు, పెడళ్లు, లివర్ల వరకే ఉంచుదాం.

తగరపువలస_తోట
ఆదివారం, ఉదయం 6:30

నేను పడుకుని లేచేసరికి ఇంత సమాచారం. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. బ్రేకు లాకు గురించి పద్మనాభం తమ్ముడు చెప్పింది ఏ షోరూములోనూ ఎవరూ చెప్పలేదు.

ఇంకో రెండు అనుమానాలు. నేను పొలంలో చీర మీద చొక్కా వేసుకుంటాను. బండి ఎక్కేటప్పుడు కొంగు గేరు రాడ్డుకు తగులుతోంది. పైగా పీటీవో షాఫ్టు చూస్తే భయం. రెండోది, లివర్లకు రంగు రంగుల టోపీలు ఉన్నాయి. అవి అందానికా, ఏదైనా అర్థం ఉందా?

బాపట్ల_ఏజీఇంజినీర్
ఆదివారం, ఉదయం 7:50

అర్థం ఉంది. ఇంజను ఆపే కంట్రోల్ ఎరుపు. గేరు, యాక్సిలరేటర్ వంటి బండిని కదిలించేవి నారింజ. పీటీవో పసుపు. లిఫ్టు వంటి మిగతావి నలుపు. అంతర్జాతీయంగా పాటించే పద్ధతి ఇది. కంగారులో పేర్లు చదవం, రంగు మాత్రం కంటికి తగులుతుంది. కొన్ని బండ్లలో అన్నీ నల్ల టోపీలే పెడుతున్నారు. అలాంటిదే నచ్చితే రంగు టోపీలు కొని మార్చుకోండి, లేదా కనీసం పీటీవో లివర్‌కు పసుపు పెయింటు వేయండి.

పీటీవో భయం మంచిదే. ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9. కొంగు అంచు చిక్కితే మీరు కేక వేసేలోపే గజాల గుడ్డ చుట్టుకుపోతుంది. షాఫ్టు మీద ప్లాస్టిక్ గొట్టం, బండి వైపు ఇనుప గొడుగు ఉంటాయి. గ్రీజు పెట్టడానికి అడ్డమని చాలామంది తీసేస్తారు. మీ రోటావేటర్‌కు అవి లేకపోతే డీలరు వేసి ఇచ్చేదాకా డబ్బు కట్టకండి. చీరకు బదులు పంజాబీ డ్రెస్సు, చున్నీ లేకుండా, పైన చొక్కా. ఇందులో సలహా ఇవ్వడానికి నాకు మొహమాటంగా ఉంది గానీ, చెప్పకుండా ఉండలేను.

పద్మనాభం_డ్రైవర్
ఆదివారం, ఉదయం 8:20

అక్కా, ఎక్కడం ఎప్పుడూ ఎడమ వైపు నుంచే. కుడి వైపు బ్రేకులు, యాక్సిలరేటర్ ఉంటాయి, కాలు పడితే బండి కదులుతుంది. గేరు రాడ్డు కాళ్ల మధ్య ఉండే బండ్లు, పక్కన ఉండే బండ్లు అని రెండు రకాలు. కొంగు సంగతి చెప్పావు కాబట్టి పక్క గేరు బండి చూడు. ఎక్కేటప్పుడు చేత్తో పట్టుకోవడానికి కడ్డీ ఉందా చూడు. కడ్డీ లేకపోతే అందరూ స్టీరింగ్ పట్టుకుని ఎక్కుతారు, లేదంటే చేతి యాక్సిలరేటర్ లివర్ పట్టేసుకుంటారు.

స్టీరింగ్ పట్టుకునేటప్పుడు బొటనవేళ్లు చక్రం లోపలికి పెట్టకు, పైన ఆనించి ఉంచు. పవర్ స్టీరింగ్ లేని బండిలో ముందు టైరు రాయికి తగిలితే స్టీరింగ్ గిర్రున తిరిగి దాని లోపలి అడ్డకడ్డీ బొటనవేలిని కొడుతుంది. దమ్ము చేసేటప్పుడు బురదలో స్టీరింగ్ బరువెక్కుతుంది. నువ్వు వరి వేయవు కాబట్టి నీకు అంత బాధ ఉండదు గానీ, డబ్బు ఉంటే పవర్ స్టీరింగే తీసుకో.

భీమిలి_గట్టు
ఆదివారం, ఉదయం 9:00

నిన్న ఏదో అన్నాను గానీ, ఆ స్టాపర్ మరను ఇవాళ మా బండికి వెతికి చూశాను. తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. కిరోసిన్ పోసి ఉంచాను. అది విడిపోయాక ఎంత బిగించాలి?

చోడవరం_చెరకు
ఆదివారం, ఉదయం 9:15

చేత్తో బిగిస్తే చాలు. పానా పెట్టకండి.

పెందుర్తి_వర్క్‌షాపు
ఆదివారం, ఉదయం 9:40

అమ్మా, షోరూము సిమెంటు నేల మీద చూసి నిర్ణయించుకోకండి. డెమో బండిని మీ పొలానికే పంపమనండి. అమ్మే ఆశ ఉన్నవాడు పంపుతాడు. రోటావేటర్ తగిలించి, ఎండ ఎక్కాక, ఒక గంట మీరే నడపండి. ఇంజను ఫ్యాను వేడి గాలి ఎంత కాళ్ల మీదకు వస్తుందో, సైలెన్సర్ ఏ వైపు ఉందో అప్పుడు తెలుస్తుంది. తోటల బండ్లకు కొమ్మలు తగలకుండా సైలెన్సర్‌ను కిందికి దించుతారు, ఆ వేడీ చప్పుడూ పాదాల దగ్గరకు వస్తాయి. మీకు జీడి చెట్లు గట్ల మీదే కాబట్టి నిలువు సైలెన్సర్ అయినా పరవాలేదు. పెడళ్లకు బురద పూసి, తడి చెప్పుతో తొక్కి చూడండి. జారితే రబ్బరు మార్పించుకోవచ్చు.

తగరపువలస_తోట
ఆదివారం, ఉదయం 10:30

డెమోకు ఇద్దరు డీలర్లను అడిగాను. ఒకరు గురువారం పంపుతామన్నారు, డీజిలు మనమే పోసుకోవాలట. ఇంకొకరు "మీ ఆయనను తీసుకురండి, ఆయన నడిపి చూస్తారు" అన్నారు. వాళ్ల బండిని జాబితాలో నుంచి తీసేశాం. ఈ మాట మా ఆయనే అన్నారు, నేను కాదు.

గురువారం వచ్చే బండికి పక్క గేరు, వంపు మార్చుకునే స్టీరింగ్ ఉన్నాయి. బ్రేకు లాకు సీటు మీద నుంచి అందుతుందో లేదో ఫోనులో అబ్బాయికి తెలియలేదు. వెళ్లి చూసి చెబుతానన్నాడు. బరువు మిషన్ సిద్ధంగా ఉంది. క్లచ్ దగ్గర అంగుళమో అంగుళంన్నరో తక్కువైతే దిమ్మ వేయించుకుంటాను. గాజువాక అన్నగారూ, దిమ్మ, ఫుట్‌బోర్డు పలక కలిపి ఎంత అవుతుంది? బండి మీ దాకా తేవాలా, పెడల్ కొలతలు పంపితే చాలా?

గాజువాక_లేత్
ఆదివారం, ఉదయం 11:10

బండి ఇక్కడిదాకా తేవద్దు చెల్లెమ్మా. పెడల్ ముఖం పొడవు, వెడల్పు, మందం, వెనక వైపు ఉన్న పక్కటెముక ఎక్కడ ఉందో కాగితం మీద పెన్సిలుతో అచ్చు తీసి ఫోటో పంపు. పక్కటెముక మీద రంధ్రం పడకూడదు. నాలుగు బోల్టులు, స్ప్రింగు వాషర్లతో బిగిస్తాను, కుదుపుకు ఊడిపోవు. ధర కొలతలు చూశాక చెబుతాను. సోమవారం షాపు సెలవు, ఆ రోజు ఫోను చేయకు.